ఇంటి జాగలో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ రేంజ్: ముందు గోడ, తర్వాతే తుపాకి

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉండి షూటింగ్ నేర్చుకోవాలంటే పెద్ద అడ్డంకి దూరమే. మంచి రేంజ్ కావాలంటే హైదరాబాద్ పోవాలి. ఎటు నుంచైనా దగ్గరదగ్గర వంద కిలోమీటర్లు. బడికి పోయే పిల్లలు వారానికి ఒక్కసారి పోయొస్తే గొప్ప, మిగతా ఆరు రోజులు ప్రాక్టీసు ఉండదు. 2008లో బీజింగ్ ఒలింపిక్స్ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో బంగారు పతకం గెలిచిన అభినవ్ బింద్రాకు అమ్మానాన్నలు ఇంట్లోనే రేంజ్ కట్టించారు. అది విని "మనకంత స్తోమత ఎక్కడిది" అని చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆయన స్థాయి రేంజ్ మనకు అక్కర్లేదు. నలభై అడుగుల పొడుగు జాగ, వెనక గట్టి గోడ, పని తెలిసిన వెల్డింగ్ షాపాయన ఉంటే ఇంటి రేంజ్ తయారవుతుంది.

అయితే మనవాళ్లు చేసే పని తలకిందులుగా ఉంటుంది. ముందు తుపాకి కొంటారు, దాన్ని నాలుగు రోజులు ఇంటికొచ్చిన వాళ్లకు చూపిస్తారు, ఆ తర్వాత ఎక్కడ కాల్చాలా అని జాగ వెతుకుతారు. మీరు ఈ వరుస మార్చండి. మొదటి రూపాయి గోడ మీద పెట్టండి.

చట్టం దగ్గర మొదలుపెట్టండి

ఇక్కడ చెప్పేదంతా గాలి ఒత్తిడితో కాల్చే ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ గురించే. మందుగుండుతో పేలే ఏ తుపాకికైనా ఆయుధాల చట్టం, 1959 కింద లైసెన్స్ కావాలి. లైసెన్స్ ఉన్నా సరే, ఇంటి పెరట్లో దానితో ప్రాక్టీసు చేసే ఆలోచనే పెట్టుకోవద్దు. .22 తూటా కిలోమీటరు దాటి పోతుంది, మీ ప్రహరీ దానికి లెక్కే కాదు. పాతిక మీటర్ల పిస్టల్, యాభై మీటర్ల రైఫిల్ నేర్చుకోవాలనుకుంటే అనుమతి ఉన్న రేంజ్‌కే పోవాలి.

ఎయిర్ గన్లకు 2016 ఆయుధాల నిబంధనల్లో గీత స్పష్టంగా ఉంది. గొట్టం బోరు, అంటే లోపలి అడ్డకొలత, 4.5 మిల్లీమీటర్లు (.177 అంగుళాలు) దాటకూడదు. పెల్లెట్, అంటే అందులో వేసే చిన్న సీసం గుండు, దాని శక్తి 20 జౌళ్లు దాటకూడదు. ఈ రెండింటి లోపల ఉంటే లైసెన్స్ అక్కర్లేదు, కొనేటప్పుడు గుర్తింపు కార్డు, అడ్రస్ ప్రూఫ్ ఇవ్వాలి. పోటీలకు వాడే ఎయిర్ రైఫిల్ ఈ గీతకు చాలా కిందే ఉంటుంది: సుమారు అర గ్రాము బరువున్న పెల్లెట్‌ను సెకనుకు 170 మీటర్ల వేగంతో పంపుతుంది, శక్తి ఏడెనిమిది జౌళ్లు. "ఇది .22 అన్నా, ఇంకా పవరు" అని దుకాణంలో చూపించే ఎయిర్ గన్ మాత్రం లైసెన్స్ లేకుండా ఇంటికి తేకూడనిది. బిల్లు మీద మోడల్, బోరు, సీరియల్ నంబర్ రాయించుకోండి. ఆ బిల్లు జిరాక్సు గన్ కవర్‌లోనే ఉండాలి. రేపు బస్సులోనో, చెక్‌పోస్టు దగ్గరో ఎవరైనా ఆపితే మాట్లాడేది ఆ కాగితమే.

లైసెన్స్ అక్కర్లేదు అంటే ఎక్కడ పడితే అక్కడ కాల్చొచ్చని కాదు. పక్కవాళ్ల ప్రాణానికి, ఒంటికి ముప్పు తెచ్చేలా నిర్లక్ష్యంగా ఏ పని చేసినా భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద కేసు అవుతుంది. దానికి తుపాకి లైసెన్స్‌తో సంబంధం లేదు.

ఇంకో మాట. మా వైపు ఎయిర్ గన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది కోతులు. మిద్దె మీద ఎండబెట్టిన మిరపకాయలు, వడియాలు పోతుంటే కోపం రాదా అంటే వస్తుంది. కానీ కోతిని, చిలకను, పావురాన్ని, చేన్లోకొచ్చిన నెమలిని కొట్టడానికి ఈ తుపాకి కాదు. వన్యప్రాణి చట్టం, జంతుహింస చట్టం రెండూ ఉన్నాయి. దేవరకొండ, అచ్చంపేట వైపు వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకొని ఉంది. రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలో అడుగుపెట్టడమే నేరం. కాల్చలేదు, ఊరికే కారు డిక్కీలో ఉంది అంటే వినేవాళ్లుండరు.

వీధి పిల్లల్ని పోగేసి ఫీజు తీసుకొని నేర్పించడం మొదలుపెడితే అది ఇక ఇంటి ప్రాక్టీసు కాదు. క్లబ్బులకు, రేంజ్‌లకు 2016 ఆయుధాల నిబంధనల్లోనే వేరే లైసెన్స్ ఉంది. అంత ఉద్దేశం ఉంటే ముందే రాష్ట్ర రైఫిల్ సంఘంతో మాట్లాడండి.

జాగ వెతకడం

పది మీటర్లంటే 32 అడుగుల 10 అంగుళాలు. ఇది షూటర్ ముందున్న గీత నుంచి టార్గెట్ కాగితం దాకా. గీత వెనక మనిషి నిలబడటానికి, సామాను పెట్టుకోవడానికి ఐదడుగులు, టార్గెట్ వెనక పెట్టెకు, గోడకు రెండడుగులు వేసుకుంటే మొత్తం నలభై అడుగులు. వెడల్పు ఒక మీటరు చాలు.

200 గజాల ప్లాటు, అంటే 36 బై 50 ఉంటే ఇంటికీ ప్రహరీకీ మధ్య వదిలిన సందు కొలిచి చూడండి. మూడు నాలుగు అడుగుల వెడల్పుతో ఇంటి పొడుగునా పోయే ఆ సందే చాలా ఇళ్లలో దొరికే మంచి రేంజ్. రెండు పక్కలా గోడలుంటాయి, గాలి తక్కువ, నీడ ఎక్కువ. ఒకటే చిక్కు: వంటింటి దర్వాజ తరచుగా ఈ సందులోకే తెరుచుకుంటుంది. గిన్నెలు కడగడానికి బయటికొచ్చే మనిషికి మీరు గురిపెట్టారని తెలియదు. కాల్చే దారిలోకి తెరుచుకునే ప్రతి దర్వాజకూ ఈ సందు వైపు నుంచే గడియ ఉండాలి. లోపలి వైపు గడియ పెట్టి "నేను కాలుస్తున్నా, రావద్దు" అని అరిచి చెప్పడం ఏర్పాటు కిందికి రాదు. కిటికీలుంటే రెక్కలు మూసి ఉంచాలి, కనీసం టార్గెట్ వైపున్న సగం దూరం వరకైనా.

సందు లేనివాళ్ల కన్ను మిద్దె మీద పడుతుంది. 30 బై 40 మిద్దె మీద కూడా మూల నుంచి మూలకు యాభై అడుగులొస్తాయి. మిద్దె మీద ఉన్న అసలు ప్రమాదం మాత్రం చాలామందికి తట్టదు. పిట్టగోడ ఎత్తు మూడడుగులు. టార్గెట్ నడిమధ్య ఉండాల్సిన ఎత్తు 1.40 మీటర్లు, అంటే నాలుగున్నర అడుగుల పైన. పిట్టగోడ ముందు స్టాండు పెట్టి కాలిస్తే గురి తప్పిన ప్రతి పెల్లెట్ గోడ మీదుగా వీధిలోకే పోతుంది. మిద్దె మీద కాల్చాలంటే టార్గెట్ మెట్ల గది గోడకే పెట్టాలి, మెట్ల తలుపు ఆ గోడకు ఉండకూడదు. అట్లాంటి గోడ లేకపోతే ఎనిమిదడుగుల ఇటుక గోడ కట్టించాలి. అదీ కుదరకపోతే మిద్దె ఆలోచన మానుకోండి.

మిర్యాలగూడ వైపు ఖాళీగా ఉన్న మిల్లు గోడౌన్లు దొరుకుతుంటాయి. పొడుగుకు తిరుగులేదు కానీ ఊక దుమ్ము రైఫిల్‌లోకి పోతుంది, గురి చూసే సైట్ల మీద పేరుకుంటుంది. శుభ్రం చేసుకునే ఓపిక ఉంటేనే. ఇక రేకుల షెడ్డు అయితే మార్చి చివరి నుంచి జూన్ దాకా పొద్దున ఎనిమిదింటికే మూసేయాల్సి వస్తుంది. మన ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు.

గోడ, పెట్టె

సీసం పెల్లెట్ మెత్తనిది. గట్టి రాయికి, సిమెంటు గోడకు ఎదురుగా తగిలితే చపాతీలా అణిగి వెనక్కి ఎగురుతుంది. మన ప్రహరీలు సగం గ్రానైటు రాళ్లవే. రాయి ముఖం ఏ కోణంలో ఉంటే అటు తిప్పి కొడుతుంది. అందుకని ఉత్త గోడ మీద టార్గెట్ అంటించి కాల్చడం ఎప్పటికీ వద్దు. ఇనుప బీబీ గుండ్లు ఈ రేంజ్‌లోకి రానే కూడదు, అవి అణగవు, వేగంగా తిరిగొస్తాయి.

వెల్డింగ్ షాపులో పెట్టె చేయించండి. మూడు మిల్లీమీటర్లకు తగ్గని ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటు అడగండి. ముందువైపు తెరిచి ఉన్న పెట్టె, నోరు 14 అంగుళాల చదరం, లోతు కూడా అంతే. లోపల వెనక ప్లేటు నిలువుగా కాకుండా 45 డిగ్రీల వాలులో ఉండాలి. దగ్గరుండి చూసుకోవాల్సింది ఇదే: వాలు ప్లేటు పైఅంచు షూటర్ వైపు, కింది అంచు గోడ వైపు ఉండాలి. అట్లా ఉంటేనే తగిలిన పెల్లెట్ కిందికి మళ్లి అడుగున పడుతుంది. తిరగేసి వెల్డ్ చేస్తే పైకి లేస్తుంది. పని చేసేవాళ్లకు ఇది తెలియాలని లేదు, కాగితం మీద బొమ్మ గీసి, బాణం గుర్తు పెట్టి ఇవ్వండి. పెట్టె అడుగున రెండంగుళాల మందం ఇసుక పోయండి. నోటికి అట్టముక్క బిగించి, దాని మీద టార్గెట్ కార్డు పెడితే పగిలిన సీసం తునకలు బయటికి రావు.

పెట్టెకు తగలని పెల్లెట్ల కోసం దాని వెనక మరో ఏర్పాటు కావాలి. ఆరడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ప్లైవుడ్ గోడకు బిగించండి. దాని ముందు నాలుగంగుళాల ఖాళీ వదిలి పాత గొంగడిని రెండు మడతలేసి వేలాడదీయండి. పాలమూరు వైపు పాత గొంగడి లేని ఇల్లు వెతికినా దొరకదు. బిగించి కట్టొద్దు, వదులుగా వేలాడాలి. బిగుతుగా ఉంటే పెల్లెట్ చించుకొని పోతుంది, వదులుగా ఉంటే గొంగడి ఊగి దాని జోరు తాగేస్తుంది. నెలకోసారి దించి చూసి, చిల్లులు పడ్డ చోటు పక్కకు జరపండి.

కొలత

టేపు పట్టుకొని టార్గెట్ కాగితం ముఖం నుంచి సరిగ్గా పది మీటర్లు కొలిచి నేల మీద పెయింటుతో గీత గీయండి. అంతర్జాతీయ నిబంధన ఐదు సెంటీమీటర్ల తేడానే ఒప్పుకుంటుంది. మనమూ అంతలోనే ఉండటం మంచిది, లేకపోతే ఇంట్లో పెట్టిన సైటు పోటీలో కొత్తగా అనిపిస్తుంది.

ఎత్తు దగ్గరే అందరూ పొరబడతారు. 1.40 మీటర్లు అనేది టార్గెట్ కింద ఉన్న నేల నుంచి కాదు, మీరు నిలబడ్డ నేల నుంచి. మిద్దెలకు, సందులకు వాననీళ్లు పోవడానికి వాలు పెడతారు కదా. నలభై అడుగుల్లో ఆ వాలు నాలుగైదు అంగుళాలు తేవొచ్చు. మేస్త్రీ దగ్గర నీళ్లు నింపిన లెవెల్ పైపు ఉంటుంది, ఒక పూట అడిగి తెచ్చుకోండి. గీత దగ్గర ఒక కర్ర నిలబెట్టి నేల నుంచి 1.40 దగ్గర గుర్తు పెట్టండి. పైపు ఒక కొన ఆ గుర్తు దగ్గర, రెండో కొన టార్గెట్ దగ్గర పట్టుకుంటే నీళ్లు ఎక్కడ నిలిస్తే అక్కడ టార్గెట్ నడిబొడ్డు రావాలి. ఐదు సెంటీమీటర్లు అటూ ఇటూ అయినా పర్వాలేదు.

వెలుతురు సంగతి. వెలుతురును లక్స్‌లో కొలుస్తారు. టార్గెట్ మీద కనీసం 1500 లక్స్, మిగతా జాగలో 300 లక్స్ ఉండాలన్నది పోటీ లెక్క. ఫోన్లో లక్స్ కొలిచే యాప్ ఉజ్జాయింపుగా చెప్తుంది, మనకు అది చాలు. రెండు ఎల్ఈడీ ఫ్లడ్ లైట్లు టార్గెట్‌కు ముందు, పైన, చెరో పక్క పెట్టి షూటర్ కంట్లో పడకుండా రేకు అడ్డం పెట్టండి. ఒకే లైటు పెడితే కార్డు మీద నీడ పడి నల్ల చుక్క గుండ్రంగా కనిపించదు.

టార్గెట్ కార్డులు

రోజూ కొన్న కార్డులే వాడితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. జిరాక్సు షాపులో మందం కాగితం మీద ప్రింటు తీయించుకోవచ్చు. పల్చటి ఎ4 కాగితం మీద వద్దు, రంధ్రం అంచు చిరిగిపోయి ఏ రింగుకు తగిలిందో తేలదు. ప్రింటు తీసే అబ్బాయి అలవాటు కొద్దీ 'ఫిట్ టు పేజ్' నొక్కేస్తాడు, బొమ్మ సైజు మారిపోతుంది. 'యాక్చువల్ సైజ్' అని చెప్పి, మొదటి కాగితం చేతికి రాగానే స్కేలు పెట్టి కొలవండి. ఎయిర్ రైఫిల్ కార్డులో నల్లటి భాగం అడ్డకొలత 30.5 మిల్లీమీటర్లు, బయటి ఒకటో రింగు 45.5, నట్టనడుమ పది అనేది అర మిల్లీమీటరు చుక్క. పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు, అంటే గురి చుక్కకంటే పెల్లెట్టే తొమ్మిది రెట్లు పెద్దది. పిస్టల్ కార్డు పెద్దది: నలుపు 59.5, పది రింగు 11.5.

పెల్లెట్లు ముక్కు చదునుగా ఉన్నవి తీసుకోండి. అవి కాగితానికి గుండ్రటి శుభ్రమైన రంధ్రం చేస్తాయి. మొనదేలినవి కాగితాన్ని చింపుతాయి, పెట్టెలో ఎక్కువ లోతుకు దూసుకుపోతాయి తప్ప మీ స్కోరుకు చేసే మేలేమీ లేదు.

గీత దగ్గర పద్ధతి

ఇంట్లో వాళ్లందరినీ ఒకసారి కూర్చోబెట్టి ఇది చెప్పండి, కాల్చనివాళ్లకు కూడా. గీత దాటి ముందుకు పోవాలంటే రైఫిల్ తెరిచి, గొట్టంలో సేఫ్టీ ఫ్లాగ్ పెట్టి, బల్ల మీద గొట్టం టార్గెట్ వైపు ఉండేలా పడుకోబెట్టాలి. ఫ్లాగ్ అంటే రంగు రంగుల ప్లాస్టిక్ తీగ, పోటీల్లో తప్పనిసరి. అది బయటికి కనిపిస్తుంటే లోపల పెల్లెట్ లేదని దూరం నుంచే తెలుస్తుంది. ఒక మనిషి కార్డు మార్చడానికి ముందుకు పోయినంతసేపు వెనక ఎవ్వరూ రైఫిల్ ముట్టకూడదు, సైటు సరిచేయడానికి కూడా. "ఖాళీ" అని ఒక మాట పెట్టుకోండి. ముందుకు పోయిన మనిషి గీత వెనక్కి వచ్చి ఆ మాట అన్నాకే తుపాకి చేతిలోకి తీసుకోవాలి.

కాల్చేవాళ్లూ చూసేవాళ్లూ గట్టి అద్దాలు పెట్టుకోవాలి. వెల్డింగ్ సామాన్ల షాపులో దొరికే పాలీకార్బొనేట్ కళ్లద్దాలు సరిపోతాయి. ఎయిర్ గన్ ప్రమాదాల్లో పోయేది ముందు కన్నే. పదహారేళ్ల లోపు పిల్లలు పెద్దవాళ్లు పక్కన లేకుండా రైఫిల్ ముట్టకూడదన్నది నా పట్టింపు, మీ ఇంట్లో వయసు మీరు నిర్ణయించుకోండి. పని అయ్యాక రైఫిల్ బీరువాలో, పెల్లెట్లు వేరే చోట, తాళంచెవి పెద్దవాళ్ల దగ్గర.

గాలి సిలిండర్ ఉన్న రైఫిల్ అయితే దాన్ని ఎండలో, కారులో, రేకుల కింద వదిలేయొద్దు. అందులో గాలి 200 బార్ల ఒత్తిడిలో ఉంటుంది. సిలిండర్ మీద తయారైన తేదీ ఉంటుంది, పదేళ్లు దాటినదాన్ని పోటీకి తీసుకుపోయినా లోపలికి రానివ్వరు. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు రంగు, చెక్క చూసి మురిసిపోతారు. ముందు ఆ తేదీ చదవండి, కొత్త సిలిండర్ ఖర్చు బేరంలోకి లాక్కోవచ్చు.

సీసం

పెల్లెట్ పట్టుకున్న వేళ్లకు నల్లటి మరక అంటుతుంది. అది సీసం. ఆ చేత్తో మురుకు తినొద్దు, చాయ్ తాగొద్దు, పెల్లెట్లు పెదాల మధ్య పట్టుకునే అలవాటు అసలే వద్దు. కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కోండి. పెట్టె దగ్గర చీపురుతో ఊడిస్తే సీసం దుమ్ము లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి. చంటిపిల్లలు పాకే గచ్చు మీద ఈ రేంజ్ పెట్టకపోవడమే మేలు. పెట్టెలోని సీసం ఇసుకతో పాటు జల్లెడ పట్టి, మూత ఉన్న డబ్బాలో వేసి ఉంచండి. పాత బ్యాటరీలు కొనేవాళ్లు తీసుకుంటారు. చెత్తబండిలో వేయొద్దు, బాయి పక్కన పారబోయొద్దు.

పక్కింటి వాళ్లు

మొదటి రోజు కాల్చకముందే వాళ్లను పిలిచి చూపించండి. పెట్టె, గొంగడి, గడియ అన్నీ చూపించి, ఒక కార్డు మీద కాల్చి ఆ చప్పుడు వినిపించండి. "టప్" మనే ఆ చప్పుడు ముందే తెలిస్తే ఎవరూ పట్టించుకోరు. తెలియకపోతే "పక్కింట్లో తుపాకీ పేలుతోంది" అని పోలీసులకు ఫోన్ పోతుంది. బిల్లు జిరాక్సు జతచేసి, ఇంట్లో ఎయిర్ రైఫిల్ ప్రాక్టీసు చేస్తున్నామని లోకల్ ఠాణాలో ఒక లెటర్ ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఆ ఒక్క ముద్రతో సగం టెన్షన్ పోతుంది. మధ్యాహ్నం పడుకునే వేళ, చీకటి పడ్డాక కాల్చొద్దు. పండగలకు, బారాత్‌కు సరదాగా గాల్లోకి కాల్చమని అడిగే బంధువు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు, ఆయనకు తాళంచెవి ఎక్కడుందో తెలియనివ్వొద్దు.

రోజూ ఏం చేయాలి

రేంజ్ తయారైంది కదా అని డబ్బాలు డబ్బాలు పెల్లెట్లు ఖాళీ చేయకండి. సగం ప్రాక్టీసు పెల్లెట్ లేకుండానే జరగాలి. రైఫిల్ ఎత్తడం, నిలబడే తీరు, ఊపిరి ఆపడం, ట్రిగ్గర్ నొక్కాక కూడా రెండు క్షణాలు గురి అట్లాగే పట్టుకోవడం, ఇవన్నీ ఉత్త గొట్టంతోనే వస్తాయి. రైఫిల్‌లో డ్రై ఫైర్, అంటే పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే ఏర్పాటు, ఉందో లేదో చూసుకోండి, స్ప్రింగ్ గన్‌ను ఉత్తగా కాలిస్తే పాడవుతుంది. పోటీలో 60 షాట్లు, ఎలక్ట్రానిక్ టార్గెట్ మీద గంటా పావు సమయం. వారంలో ఒక రోజు గడియారం పెట్టుకొని అదే లెక్కన కాల్చి స్కోరు నోట్‌బుక్‌లో రాయండి. మిగతా రోజులు పది షాట్ల గుంపు ఎంత దగ్గరగా పడుతుందో చూసుకుంటే చాలు. గుంపు దగ్గరగా ఉండి పక్కకు పడుతుంటే సైటు తిప్పండి, చెల్లాచెదురుగా ఉంటే సైటు ముట్టకుండా నిలబడే తీరు చూసుకోండి.

ఇంటి సందులో వచ్చిన స్కోరు నిజమైన రేంజ్‌లో నాలుగైదు పాయింట్లు పడిపోతుంది. పక్క లేన్లో ఇంకొకరు కాలుస్తుంటారు, వెనక జనం, పైన గడియారం. అందుకని నెలకొకసారైనా హైదరాబాద్ పోయి అక్కడ పూర్తి మ్యాచ్ కాల్చి రావాలి. పోటీల్లోకి దిగాలంటే దారి తెలంగాణ రైఫిల్ సంఘం మీదుగా పోతుంది, ఆపైన 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘం ఉంది. పోయేటప్పుడు ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్, రైఫిల్ బిల్లు ఒక ఫైల్లో పెట్టుకోండి. రైఫిల్ మాత్రం తాళమేసిన కేసులో, ఫ్లాగ్ పెట్టి ఉండాలి, ఆర్టీసీ బస్సులో అయినా సొంత కారులో అయినా.